ఒకే కప్పు, రెండు పొయ్యిలు

కంప్యూటర్ల చరిత్ర – 17వ భాగం

(గత సంచికలో: 1991లో హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి లినుస్ టోర్వాల్డ్స్ రాసిన కెర్నల్, అప్పటికే తయారుగా ఉన్న గ్నూ పనిముట్లతో జతపడి లినక్స్ ఎలా అయిందో చూశాం. ఆ పనిముట్లు విండోస్ ఇంట్లో కాలుపెట్టిన కథ ఈసారి.)

మీ కీబోర్డు మీద రెండు వాలుగీతలు ఉన్నాయి. ఒకటి కుడివైపుకు ఒరిగింది: /. ఇంకొకటి ఎడమవైపుకు: \. ఫోల్డరు పేరుకీ ఫైలు పేరుకీ మధ్య యునిక్స్ సంతతి మొదటి గీత పెడుతుంది, విండోస్ రెండోది పెడుతుంది. గుడి ఏనుగుకు ఏ నామం పెట్టాలని వడగలై, తెంగలైలు కోర్టుకెక్కిన కథ గుర్తొస్తుంది గాని, ఈ తగువు వెనక సిద్ధాంతమేమీ లేదు. బస్సులో ముందెక్కినవాడు రుమాలు వేసి సీటు ఆపుకున్నాడు, వెనకొచ్చినవాడు పక్క సీట్లో కూర్చున్నాడు.

1980 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌ను ప్రకటించింది. డాస్ ఇంకా పుట్టలేదు, విండోస్ ఊహలో కూడా లేదు. ఆ సిస్టమ్ పేరు జెనిక్స్. ఏటీ అండ్ టీ దగ్గర యునిక్స్‌కు లైసెన్సు కొన్నారు గాని, ‘యునిక్స్’ అన్న పేరు వాడుకునే హక్కు దొరకలేదు. అందుకని పెట్టుకున్న పేరది. తర్వాతి రోజుల్లో యునిక్స్ సంతతికి బద్ధశత్రువుగా పేరుపడిన కంపెనీ తన మొదటి ఆపరేటింగ్ సిస్టమ్‌గా అమ్మింది యునిక్స్‌నే.

మరుసటి ఏడాది ఐబీఎం పీసీతో వచ్చిన తొలి డాస్‌లో ఫోల్డర్లు లేవు. ఫ్లాపీలో ఫైళ్ళన్నీ సంతకెళ్ళిన సంచిలో కూరగాయల్లా కలిసిపోయి ఉండేవి. ఫోల్డర్లే లేనప్పుడు వాటి మధ్య గీత ఎందుకు? అందుకని / గుర్తును కమాండ్ల వెనక తగిలించే ఐచ్ఛికాల కోసం వాడేశారు. 1983లో డాస్ 2.0కు ఫోల్డర్లు వచ్చాయి. ఆ ఆలోచన జెనిక్స్ ఇంటినుంచి తెచ్చుకున్నదే. తీరా చూస్తే / అప్పటికే ఉద్యోగంలో ఉంది. దాన్ని పీకేస్తే పాత వాడుకదారుల కమాండ్లన్నీ మూలపడతాయి. అద్దంలో చూసినట్టు గీతను తిప్పేసి \ చేశారు. 1987లో జెనిక్స్‌ను ఎస్‌సీఓ అనే కంపెనీకి అప్పగించి మైక్రోసాఫ్ట్ ఆ వ్యాపారం నుంచి తప్పుకుంది. గీత మాత్రం తిరిగిన వైపే ఉండిపోయింది.

పంక్తి చివరి సంగతీ ఇలాంటిదే. ఒకప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్లకు వెళ్ళినవాళ్ళకు తెలుసు: పంక్తి అయిపోగానే లివర్ పట్టి తోస్తే రెండు పనులు జరుగుతాయి. బండి మళ్ళీ మొదటికి వస్తుంది, కాగితం ఒక పంక్తి మేర జరుగుతుంది. టెలిటైప్ యంత్రాల్లో ఈ రెండు కదలికలకూ రెండు వేర్వేరు సంకేతాలు ఉండేవి. డాస్ ఆ రెంటినీ ఫైల్లో దాచింది, విండోస్ దాన్ని వారసత్వంగా పుచ్చుకుంది. యునిక్స్ ఒకటి చాలనుకుంది. అందుకే విండోస్‌లో రాసిన షెల్ స్క్రిప్టును లినక్స్ మీద నడపబోతే, కంటికి కనపడని ఆ అదనపు సంకేతం గొంతులో చేపముల్లులా అడ్డం పడుతుంది. కమాండ్ పేరు సరిగ్గానే ఉంటుంది, ఫైలు ఉన్నచోటే ఉంటుంది, అయినా యంత్రం ‘అలాంటిది లేదు’ అంటుంది. ఇటువైపు బాధ ఇంకో రకం. యునిక్స్‌లో రాసిన ఫైలును తెరిస్తే, 2018 దాకా విండోస్ నోట్‌ప్యాడ్ పంక్తులు విడదీయలేక మొత్తం ఒకే బారుగా పరిచి చూపేది.

కంపెనీల వైరం ఒక తరంలో చల్లారిపోయింది. ఎవరూ పట్టించుకోకుండా చేసిన ఈ చిన్నచిన్న ఏర్పాట్లు మాత్రం నలభై ఏళ్ళు దాటినా చావలేదు. విండోస్ మీద లినక్స్ పనిముట్లు నడపాలని చూసిన ప్రతివాడూ పోరాడింది వీటితోనే. వాటిలో అన్నిటికన్నా మొండిది ఇంకొకటుంది.

పిలకా? విత్తనమా?

అరటి చెట్టు పక్కన పిలక వేస్తుంది. పిలకది తల్లి పోలికే, తల్లి గుణమే. యునిక్స్‌లో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌ను పుట్టించే పద్ధతి అచ్చం ఇదే. దాని పేరు ఫోర్క్. నడుస్తున్న ప్రోగ్రామ్ ఫోర్క్ అనగానే రెండవుతుంది. పిల్లకు తల్లి మెమరీ, తల్లి తెరిచిపెట్టిన ఫైళ్ళు, తల్లి నిలబడ్డ చోటు, అన్నీ సంక్రమిస్తాయి. ఆ తర్వాత పిల్ల తన దారి తను చూసుకుని వేరే ప్రోగ్రామ్‌గా రూపం మార్చుకుంటుంది. పుట్టడానికీ రూపం మార్చుకోవడానికీ మధ్య ఉండే ఆ కాస్త వ్యవధిలోనే షెల్ తన చమత్కారమంతా చేస్తుంది. ఒకదాని ఫలితాన్ని ఇంకొకదాని నోటికి అందించే పైపులు బిగించేది అప్పుడే.

మెమరీ మొత్తాన్నీ ప్రతిసారీ కాపీ చేస్తే ఈ పద్ధతి ఎద్దుబండిలా నడిచేది. యునిక్స్ కెర్నళ్ళు అలా చెయ్యవు. తల్లీ పిల్లా అవే పేజీలను పంచుకుంటాయి. ఎవరో ఒకరు ఒక పేజీలో ఏదైనా మార్చబోయినప్పుడు మాత్రమే దానికి వేరే ప్రతి తీస్తాయి. కాబట్టి పిలక వెయ్యడం చవక. చవక గనక యునిక్స్ వాళ్ళు విచ్చలవిడిగా వేస్తారు. ఒక పెద్ద సాఫ్ట్‌వేర్‌ను కంపైల్ చేసే ముందు నడిచే స్క్రిప్టు వందల పిలకలు వేసి పారేస్తుంది.

విండోస్ పద్ధతి వేరు. డిస్కు మీదున్న ప్రోగ్రామ్ ఫైలును తీసి, కొత్త మడిలో మొదటినుంచి మొలిపిస్తుంది. తల్లి నుంచి ఏమేం అందాలో జాబితా రాసి ఇవ్వాలి. విత్తనం నాటడమన్నమాట. అదీ మంచి పద్ధతే. కానీ పిలకల మీద ఆధారపడి రాసిన వేలాది పనిముట్లను విత్తనాల తోటలోకి తేవాలంటే ఏం చెయ్యాలి? ఆ ప్రశ్నకు ఇరవై ఏళ్ళలో మూడు జవాబులు వచ్చాయి.

పెళ్ళిచూపుల యునిక్స్

ముందు ఒక విచిత్రం. విండోస్ ఎన్‌టీ కెర్నల్‌కు పిలక వెయ్యడం పుట్టుకతోనే వచ్చు.

డెక్ కంపెనీలో వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నిర్మించిన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌లో చేరాడు. ఆయన జట్టు తీర్చిన ఎన్‌టీ తొలి వెర్షన్, అంటే 3.1, 1993 జులైలో బయటికొచ్చింది. కింద ఒక కెర్నల్, దానిమీద వేర్వేరు ‘ఉపవ్యవస్థలు’ అన్నది ఆ నిర్మాణంలోని ముఖ్యమైన ఊహ. విండోస్ ప్రోగ్రాములకు ఒకటి, ఓఎస్/2 ప్రోగ్రాములకు ఒకటి, యునిక్స్ ప్రమాణమైన పోసిక్స్‌కు ఒకటి. మూడోది ఎందుకంటే, అమెరికా ప్రభుత్వ కొనుగోళ్ళ నిబంధనలు పోసిక్స్‌ను అడిగేవి. ఆ గడిలో టిక్కు పెట్టాలంటే ఫోర్క్ కావాలి. కాబట్టి కెర్నల్‌లో ఆ శక్తిని పెట్టారు.

గడి నిండింది గాని, పోసిక్స్ గదిలో సామాను పెట్టలేదు. షెల్ లేదు, పనిముట్లు లేవు, నెట్‌వర్క్ లేదు. పెళ్ళిచూపుల్లో అబ్బాయికి వంట వచ్చని చెప్పినట్టే. ఆ తర్వాత అతను వంటింట్లో కనపడితే ఒట్టు.

ఆ ఖాళీ గదిలోకి సామాను తెచ్చినవాళ్ళు సాఫ్ట్‌వే సిస్టమ్స్ అనే చిన్న కంపెనీవాళ్ళు. 1995లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టి, ఎన్‌టీ కెర్నల్ మీద నిజమైన యునిక్స్ ఉపవ్యవస్థను నిలబెట్టారు. మూడు జవాబుల్లో మొదటిది ఇదే. తొలుత దీని పేరు ఓపెన్‌ఎన్‌టీ, తర్వాత ఇంటరిక్స్. 1999లో మైక్రోసాఫ్ట్ దాన్ని కొనేసింది. ‘సర్వీసెస్ ఫర్ యునిక్స్’ అనే పొట్లంలో కట్టి, 2004లో వచ్చిన 3.5 వెర్షన్‌ను ఉచితంగా ఇచ్చింది. అందులో గ్నూ కంపైలర్ కూడా ఉంది. 2001లో ఒక పత్రిక ఇంటర్వ్యూలో మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ లినక్స్‌ను క్యాన్సర్‌తో పోల్చి, దాని లైసెన్సు తాకినదానికల్లా అంటుకుంటుందని హెచ్చరించాడు. కొద్దికాలానికే అదే లైసెన్సు కింద ఉన్న కంపైలర్‌ను ఆయన కంపెనీయే పంచిపెట్టింది. వ్యాపారంలో మడి వరండా దాకానే ఉంటుంది.

ఇంటరిక్స్‌ను దెబ్బతీసింది ఈ వైరం కన్నా కాలం. అప్పటికి లోకం పోసిక్స్ ప్రమాణాన్ని చూసి ప్రోగ్రాములు రాయడం మానేసింది. లినక్స్‌ను చూసి రాస్తోంది. ఆ ప్రోగ్రాములను ఇంటరిక్స్‌కు తేవాలంటే ఒక్కొక్కదాన్నీ సరిదిద్ది మళ్ళీ కంపైల్ చెయ్యాలి. విండోస్ 8 కాలానికి దానికి సెలవు నోటీసు అంటించారు, 8.1లో తీసేశారు.

హంస కడుపులో గ్నూ

రెండో జవాబు కెర్నల్ దాకా వెళ్ళలేదు. కెర్నల్ దాకా వెళ్ళే తాళంచెవి బయటివాళ్ళకు ఎవరిస్తారు?

1989లో మైఖేల్ టీమన్, జాన్ గిల్మోర్, డేవిడ్ హెంకెల్-వాలెస్ కలిసి సిగ్నస్ అనే కంపెనీ పెట్టారు. ఉచితంగా దొరికే గ్నూ సాఫ్ట్‌వేర్‌కు మరమ్మతులూ మార్పులూ చేసిపెట్టి డబ్బు సంపాదించవచ్చని వాళ్ళ నమ్మకం. ఊరందరిదైన చెరువుకు పూడిక తీసి కూలి అడగడం లాంటిది. లాటిన్‌లో సిగ్నస్ అంటే హంస. పేరు మధ్యలో గ్నూ దాగి ఉందని చూసి మరీ ఎంచుకున్నారు.

1995లో ఆ కంపెనీలో స్టీవ్ చాంబర్లెయిన్ అనే ఇంజనీరు ఒక సంగతి కనిపెట్టాడు. విండోస్ ఎన్‌టీ, విండోస్ 95 రెండూ ప్రోగ్రాములను దాచే ఫైలు అమరిక ‘కాఫ్’ అనే పాత యునిక్స్ అమరిక నుంచి వచ్చిందే. గ్నూ కంపైలర్‌కు ఇంటెల్ చిప్ తెలుసు, కాఫ్ కూడా తెలుసు. అంటే కాస్త శ్రమపడితే గ్నూ కంపైలర్ చేత విండోస్ ప్రోగ్రాములు చేయించవచ్చు.

చేయించాడు. తర్వాతి మెట్టు ఆ కంపైలర్‌నూ, దాని పరివారాన్నీ విండోస్ మీదకు తరలించడం. ఒక్కొక్క పనిముట్టునూ విప్పి విండోస్‌కు తగ్గట్టు తిరగరాస్తే ఏళ్ళు పడుతుంది. సిగ్నస్ జట్టు ఉపాయం వేరు. పనిముట్ల జోలికి వెళ్ళకుండా, వాటికీ విండోస్‌కూ మధ్య ఒక లైబ్రరీని నిలబెట్టారు. పనిముట్టు యునిక్స్ మర్యాదలో ఏది అడిగినా, ఆ లైబ్రరీ దాన్ని విండోస్ మర్యాదలోకి మార్చి పని జరిపించి జవాబు తెచ్చిపెడుతుంది. అదే సిగ్విన్.

వాలుగీతకు పరిష్కారం దొరికింది. సీ డ్రైవ్‌ను ‘/సిగ్‌డ్రైవ్/సీ’ అని చూపారు. పిలక దగ్గరే పట్టుబడింది. కెర్నల్‌కు ఆ విద్య వచ్చినా, మామూలు విండోస్ ప్రోగ్రాములకు అందే తలుపుల్లో దానికి దారి లేదు. విండోస్ 95లోనైతే అసలు ఆ విద్యే లేదు. కాబట్టి సిగ్విన్ నటించాలి. ముందు విత్తనం నాటి, మొలక కళ్ళు తెరవకుండా ఆపి ఉంచుతుంది. తల్లి మెమరీలోని సరుకును ఒక్కొక్కటిగా మోసుకొచ్చి పిల్లలో పోస్తుంది. తల్లి ఏ అడుగు దగ్గర ఆగిందో పిల్లనూ అక్కడే నిలబెడుతుంది. అప్పుడు ‘ఇక నడువు’ అంటుంది.

ఇదంతా ఒక్క పిలకకు. లినక్స్ మీద కనురెప్పపాటులో ముగిసే స్క్రిప్టు సిగ్విన్‌లో నడుస్తుంటే టీ తాగి రావచ్చు. పైగా పిల్లలోకి లైబ్రరీలు తల్లిలో ఉన్న చిరునామాల్లోనే వచ్చి కూర్చోవాలి. ఏ యాంటీవైరస్సో మధ్యలో దూరి ఒక చోటు ఆక్రమించిందంటే ఫోర్క్ విఫలమైందని ఎర్రజెండా. ఆ చిరునామాలను సర్దడానికి ప్రత్యేకంగా ఒక పనిముట్టు రాయాల్సి వచ్చింది.

అయినా సిగ్విన్ నిలిచింది. 1999లో రెడ్ హ్యాట్ సిగ్నస్‌ను కొన్నాక క్రిస్టఫర్ ఫేలర్, కొరిన్నా వింషెన్ వంటివాళ్ళు దాన్ని ఏళ్ళతరబడి కాపాడుకొచ్చారు. దాని కొమ్మ ఒకటి మనలో చాలామంది ఇళ్ళలోకి చెప్పాపెట్టకుండా వచ్చింది కూడా. 2005లో లినుస్ రాసిన గిట్ అనే పనిముట్టులో మొదట్లో చాలా భాగం షెల్ స్క్రిప్టులే ఉండేవి. దాన్ని విండోస్‌కు తెచ్చినవాళ్ళు సిగ్విన్ నుంచి చీలిన ఎంసిస్ అనే చిన్న పరివారాన్ని వెంట కట్టారు. అమీర్‌పేటలో కోర్సు చేస్తూ తన ల్యాప్‌టాప్‌లో గిట్ బాష్ నల్లకిటికీ తెరిచిన కుర్రవాడు తనకు తెలియకుండానే చాంబర్లెయిన్ ఉపాయానికి వారసుడయ్యాడు.

అంత ఓపిక లేనివాళ్ళకు ఇంకో దారి, డ్యూయల్ బూట్. డిస్కును రెండు వాటాలుగా కోసి, ఒకదాంట్లో విండోస్, ఒకదాంట్లో లినక్స్. మన ఇంజనీరింగ్ హాస్టళ్ళలో శనివారం రాత్రుళ్ళు జరిగిన ఈ శస్త్రచికిత్సల్లో ఎన్ని అక్కల పెళ్ళి ఫోటోలు గల్లంతయ్యాయో లెక్కలేదు. బతికి బట్టకట్టినా, ఒక వాటాలోంచి ఇంకో వాటాలోకి వెళ్ళాలంటే ఇంటి దీపాలన్నీ ఆర్పి మళ్ళీ వెలిగించాలి. 2004లో డాన్ అలోనీ చేసిన ‘కోలినక్స్’ లినక్స్ కెర్నల్‌నే మార్చి విండోస్ పక్కన కూర్చోబెట్టింది. సాహసమే గాని 32 బిట్ల యంత్రాలతోనే దాని కథ ముగిసింది.

గాలి మళ్ళింది

2010 దాటేసరికి మైక్రోసాఫ్ట్ ఉండే రెడ్మండ్‌లో ఒక లెక్క తేలకుండా పోతోంది. వెబ్‌సైట్లు నడిచే సర్వర్లలో లినక్స్ పాతుకుపోయింది. వాటికి ప్రోగ్రాములు రాసే కొత్త తరం రూబీ, నోడ్, పైథాన్ పనిముట్లు వాడుతోంది. ఆ పనిముట్లన్నీ వెనక ఒక యునిక్స్ షెల్ ఉందన్న ధీమాతో రాసినవి. యాపిల్ 2001 నుంచీ తన ఓఎస్ ఎక్స్‌ను యునిక్స్ పునాది మీదే కట్టింది. డెవలపర్లు మ్యాక్ సంచీలో పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు. డెవలపర్ వెళ్ళిపోయిన వేదిక మీదకు కొత్త సాఫ్ట్‌వేర్ రాదన్నది మైక్రోసాఫ్ట్‌కు ఎవరూ నేర్పనక్కర్లేని పాఠం.

ఇంకోవైపు ఆ కంపెనీ అద్దెకిచ్చే కంప్యూటర్ల వ్యాపారం, అజూర్, పెరుగుతోంది. 2012 జూన్‌లోనే అజూర్ మీద లినక్స్ యంత్రాలను అద్దెకివ్వడం మొదలైంది. అప్పటికింకా బామర్ హయామే. ఇల్లు అద్దెకిచ్చే ఆసామికి వచ్చేవాడి కులగోత్రాలతో పనేముంది? అద్దె వస్తే చాలు.

ఆ వ్యాపారాన్ని చూసుకుంటూ ఉండిన సత్య నాదెళ్ళ 2014 ఫిబ్రవరి 4న కంపెనీ అధినేత అయ్యాడు. హైదరాబాదులో పుట్టి, బేగంపేటలోని హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివినవాడు. తండ్రి యుగంధర్ అనంతపురం జిల్లా మూలాలున్న ఐఏఎస్ అధికారి. ఆ అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన సమావేశంలో ‘మైక్రోసాఫ్ట్‌కు లినక్స్ అంటే ప్రేమ’ అన్న అర్థంలో తెరమీద హృదయం బొమ్మ వేసి మరీ చూపించాడు. మనవాడని మనం మురిసిపోవచ్చు గాని, లెక్క ముందే మారింది. మారిన లెక్కను బాహాటంగా ఒప్పుకున్న ధైర్యం మాత్రం ఆయనది.

దుబాసీ

2016 మార్చి 30. శాన్‌ఫ్రాన్సిస్కోలో మైక్రోసాఫ్ట్ ఏటేటా డెవలపర్ల కోసం జరిపే బిల్డ్ సభ. ఆ కంపెనీకి చెందిన కెవిన్ గాలో వేదికెక్కి విండోస్ 10 మీద బాష్ షెల్ తెరిచాడు. ఇది వర్చువల్ మెషీన్ కాదన్నాడు, మళ్ళీ కంపైల్ చేసిన పనిముట్లు కూడా కావన్నాడు. ఉబుంటు అనే లినక్స్ పంపిణీని తయారుచేసే కెనానికల్ కంపెనీతో కలిసి, ఉబుంటులో నడిచే అవే ఫైళ్ళను ఒక్క అక్షరం మార్చకుండా విండోస్ మీద నడుపుతున్నామన్నాడు.

ఇది మూడో జవాబు. దీని పుట్టుక ఒక విఫలమైన పెళ్ళిలో ఉంది. 2011లో మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం ‘డ్రాబ్రిడ్జ్’ అనే ప్రయోగంలో ‘పీకో ప్రాసెస్’ను ప్రతిపాదించింది. అది అలంకారాలేమీ లేని ఖాళీ ప్రాసెస్. దాని బాగోగులు వేరే ఒకరు చూసుకోవాలి. ఆ ఊహను ఆండ్రాయిడ్ యాప్‌లను విండోస్ ఫోన్ల మీద నడపడానికి వాడబోయారు. ఆ ‘అస్టోరియా’ పథకాన్ని 2015లో ప్రకటించి 2016 ఫిబ్రవరిలో రద్దుచేశారు. ఆండ్రాయిడ్ కింద ఉండేది లినక్స్ కెర్నలే కదా. పెళ్ళి ఆగిపోయినా వండిన వంట వృథా కాలేదు. నెల తిరిగేసరికి ఇంకో పందిట్లో వడ్డించారు.

ఏ ప్రోగ్రామైనా ఫైలు తెరవాలన్నా, మెమరీ కావాలన్నా కెర్నల్‌ను అడగాల్సిందే. ఆ అడిగే పిలుపును సిస్టమ్ కాల్ అంటారు. లినక్స్‌లో ఇలాంటివి మూడు వందలకు పైగా ఉన్నాయి. పీకో ప్రాసెస్‌లో కూర్చున్న లినక్స్ ప్రోగ్రామ్ అలవాటు ప్రకారం లినక్స్ కెర్నల్‌ను పిలుస్తుంది. ఆ పిలుపు విండోస్ కెర్నల్‌కు చేరుతుంది. ఇది తన భాష కాదని చూసి, అది ఎల్ఎక్స్‌కోర్ అనే డ్రైవర్‌కు అప్పజెప్తుంది. కుంఫిణీ దొరకీ జమీందారుకీ మధ్య నిలబడే దుబాసీలా ఆ డ్రైవర్ ఇటు మాట అటు, అటు మాట ఇటు చెబుతుంది. అందులో లినక్స్ కెర్నల్ రాత ఒక్క పంక్తి లేదు. అంతా మైక్రోసాఫ్ట్ స్వయంగా రాసుకున్నది. పిలకకు కూడా ఎట్టకేలకు దారి దొరికింది. పోసిక్స్ గడిలో టిక్కు పెట్టడానికి ఎన్‌టీలో పెట్టిన పాత విద్య, ఇరవైమూడేళ్ళ తర్వాత, మళ్ళీ అక్కరకొచ్చింది.

దీనికి ‘విండోస్ సబ్‌సిస్టమ్ ఫర్ లినక్స్’ (పొట్టిగా డబ్ల్యూఎస్ఎల్) అని పేరు పెట్టారు. విండోస్‌లో ఉన్న లినక్స్ ఉపవ్యవస్థ అనాల్సింది తిరగేసి అన్నారేమిటని అందరూ అడిగారు. వేరేవాళ్ళ ట్రేడ్‌మార్కును పేరులో ముందు పెట్టుకోలేమని ఆ జట్టులోనివాళ్ళే వివరించారు. 1980లో యునిక్స్ పేరు దక్కక జెనిక్స్ అనుకున్న కంపెనీ, 2016లోనూ పేరు దగ్గరే తడబడింది.

దుబాసీకి మాటలు వచ్చాయి గాని, అలవాట్లను అనువదించడం ఆయన తరం కాలేదు. ముఖ్యంగా ఫైళ్ళ దగ్గర.

లినక్స్‌లో ఒకరు చదువుతున్న ఫైలును ఇంకొకరు తుడిచెయ్యవచ్చు. పేరు పోతుంది, చదివేవాడి చేతిలోది చదివేదాకా ఉంటుంది. విండోస్‌లో మామూలుగా అది కుదరదు. లినక్స్‌లో పెద్దక్షరాల పేరూ చిన్నక్షరాల పేరూ వేరు. విండోస్‌కు రెండూ ఒకటే. ఫోల్డర్లు లేని తొలి డాస్‌లో పరికరాలకు ‘కాన్’, ‘ఆక్స్’ వంటి పేర్లు పెట్టారు. ఫోల్డర్లు వచ్చాక ఆ పేర్లు ప్రతి ఫోల్డరులోనూ పరికరాలకే చెందుతాయన్నారు. ఆ శాసనం వల్ల ‘ఆక్స్’ పేరుతో ఫైలు ఉన్న లినక్స్ కెర్నల్ మూలరూపాన్ని విండోస్ ఫోల్డరులో సరిగా విప్పడం కూడా కుదిరేది కాదు.

వీటన్నిటికీ మించిన చిక్కు వేగం. విండోస్‌లో ఫైలు తెరిచే ప్రతి కోరికా వరసగా కొన్ని తనిఖీ గేట్లు దాటాలి. యాంటీవైరస్ అందులో ఒకటి. పెద్ద ఫైళ్ళు కొన్ని తెరిచేవాళ్ళకు ఇది తెలియదు. యునిక్స్ సంతతి పనిముట్లు చిన్నఫైళ్ళను వేలకొద్దీ తెరిచి మూస్తాయి. నోడ్ ప్రాజెక్టుకు కావాల్సినవి దించుకోవడం, గిట్‌ను ఏం మారిందని అడగడం, అన్నీ అలాంటివే. ప్రతి అరటిపండుకూ టోల్‌గేటు కడితే సంత నడుస్తుందా?

వేరు కాపురం

2019 మే నెల బిల్డ్ సభ నాటికి మైక్రోసాఫ్ట్ చేతులెత్తేసింది. చేతులెత్తెయ్యడమే అసలు పరిష్కారమైంది. లినక్స్ కెర్నల్ ప్రతి కొత్త వెర్షన్‌తోనూ పెరుగుతోంది. డాకర్ వంటి పనిముట్లు ఆ కెర్నల్ మూలమూలలనూ వాడుకుంటున్నాయి. దుబాసీ ఒక్కడే ఎంతకని పరుగెత్తుతాడు? నకలు మాని అసలునే ఇంట్లోకి తెచ్చుకున్నారు.

డబ్ల్యూఎస్ఎల్ 2లో ఉన్నది అక్షరాలా లినక్స్ కెర్నల్. మొదట వచ్చింది 4.19 వెర్షన్. మైక్రోసాఫ్ట్ దాన్ని తానే కంపైల్ చేసి, ఒకప్పుడు క్యాన్సర్ అన్న లైసెన్సు కోరినట్టే మూలరూపాన్ని బహిరంగంగా పెట్టి, విండోస్‌తో పంచింది. ఆ కెర్నల్ మైక్రోసాఫ్ట్ వర్చువలైజేషన్ పొర హైపర్‌వీ మీద ఒక తేలికపాటి వర్చువల్ మెషీన్‌లో నడుస్తుంది. బటన్ నొక్కి నిమిషాలు కాచుకోనక్కర్లేదు, క్షణాల్లో మేలుకుంటుంది. దాని ఫైళ్ళు దాని సొంత ఎక్స్‌ట్ 4 డిస్కులో ఉంటాయి. పిలకకు నటన అక్కర్లేదు, ఫైలుకు టోల్‌గేటు లేదు. పొట్లం విప్పడం మొదటి వెర్షన్ కన్నా ఇరవై రెట్ల దాకా, గిట్, నోడ్ పనులు రెండు నుంచి ఐదు రెట్లు వేగంగా జరుగుతున్నాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. 2020 మేలో విండోస్ 10 వెర్షన్ 2004తో ఇది అందరికీ వచ్చింది. 2021లో కిటికీలున్న లినక్స్ ప్రోగ్రాములూ విండోస్ తెరమీద కనపడ్డాయి. 2022లో లినక్స్ సేవలను నడిపే సిస్టమ్‌డీ చేరింది.

ఉమ్మడి కుటుంబంలో ఒకే పొయ్యి మీద ఒకరికి ఉల్లి వేసీ ఒకరికి వెయ్యకా వండలేక సతమతమైన ఇల్లాలు, చివరికి ‘ఒకే కప్పు కిందే ఉందాం, పొయ్యిలు వేరు పెట్టుకుందాం’ అన్నట్టయింది. పాతికేళ్ళ అనువాద ప్రయత్నాల తర్వాత తేలింది ఇదే: కమాండ్ల పేర్లను అనుకరించవచ్చు, సిస్టమ్ కాల్స్‌ను అనువదించవచ్చు, కింద పాతుకుపోయిన అలవాట్లను మాత్రం వాటి ఇంట్లోనే వాటిని ఉండనివ్వాలి.

వేరు కాపురానికి ఖర్చూ ఉంది. రెండో పొయ్యికి కట్టెలు కావాలి. మామూలుగా ఈ లినక్స్ వాటా యంత్రం మెమరీలో సగం దాకా వాడుకోవచ్చు. ఎనిమిది జీబీల ల్యాప్‌టాప్‌లో అది చిన్న సంగతి కాదు. రెండు వాటాల మధ్య సామాను మోయడమూ నిదానమే. లినక్స్‌లో కూర్చుని సీ డ్రైవ్‌లోని ప్రాజెక్టును కంపైల్ చేస్తే పాత డబ్ల్యూఎస్ఎల్ 1 కన్నా మెల్లగా నడుస్తుంది. అందుకే దుబాసీని ఇంకా ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. తెలిసినవాళ్ళిచ్చే సలహా ఒకటే: ఏ పొయ్యి మీద వండుతారో ఆ వంటింట్లోనే బియ్యం పెట్టుకోండి.

డబ్ల్యూఎస్ఎల్‌పై ఫిర్యాదులూ ప్రశ్నలూ నమోదుచేసే బహిరంగ జాబితాలో ఒకటో నంబరు ప్రశ్న, దీని మూలరూపాన్ని అందరికీ ఇస్తారా అన్నది. ఏళ్ళ తరబడి జవాబు లేకుండా ఉన్న ఆ ప్రశ్నను 2025 మే 19న, మరో బిల్డ్ సభ రోజున, మూసివేశారు. ఇచ్చారు. దుబాసీ ఎల్ఎక్స్‌కోర్ మాత్రం విండోస్‌లో భాగం గనక తలుపు వెనకే ఉండిపోయింది.

గడప

రెండు వంటిళ్ళ మధ్య గడప ఒకటి మిగిలింది. దాన్ని దాటించే పద్ధతి పేరు నైన్‌పీ. యునిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లోనే కెన్ థామ్సన్, రాబ్ పైక్ ప్రభృతులు యునిక్స్‌కు వారసుడిగా ‘ప్లాన్ నైన్’ అనే సిస్టమ్ కట్టారు. లోకం దాన్ని ఎత్తుకోలేదు. ఒక యంత్రంలోని ఫైళ్ళను ఇంకో యంత్రానికి చూపడానికి వాళ్ళు రాసుకున్న మర్యాద మాత్రం బతికింది. ఇవాళ విండోస్ యంత్రాల్లో రెండు లోకాల మధ్య సామాను మోస్తున్నది అదే.

ఒకసారి ఆ గడప మీద నిలబడి చూడండి. లినక్స్ వైపు నుంచి విండోస్ డిస్కు ‘/ఎంఎన్‌టీ/సీ’ అని కనిపిస్తుంది. విండోస్ వైపు నుంచి లినక్స్ ఇల్లు ‘\\డబ్ల్యూఎస్ఎల్$\ఉబుంటు’ అని కనిపిస్తుంది. చూసేది అవతలివాళ్ళ ఇంటినే అయినా, గీత మాత్రం చూసేవాడి వైపుకే వాలి ఉంటుంది. 1983లో సీటు దొరక్క ఒరిగిన గీతను నిటారు చెయ్యాలని ఇప్పుడు ఎవరూ అనుకోవడం లేదు.

(వచ్చే సంచికలో: ఒకే కెర్నల్ మీద వందల వాటాలు — కంటైనర్ల కథ)